గ్రహణం నాటి సొరకాయ

విశాఖపట్నంలోని ఒక పరిశోధనశాలలో భానోజీ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. అతనికి తెలివికి కొదవ లేదు గానీ, ఎదుటివాళ్ల మాట చివరిదాకా వినే ఓపిక మాత్రం ఆవగింజంత కూడా లేదు. ఆటిజం ఉన్న పిల్లల జన్యువుల్లో ఏ మార్పు ఉందో, అది అమ్మానాన్నల నుంచి వచ్చిందో, బిడ్డలోనే కొత్తగా పుట్టిందో వెతకడం అతని పని. అందుకని ప్రతి ఇంటినుంచీ అమ్మ, నాన్న, బిడ్డ ముగ్గురి రక్తమూ తీసుకునేవాడు. ఎవరైనా ఏదైనా చెప్పబోతే, "ఆలస్యం అమృతం విషం! తర్వాత చెబుదురుగాని" అనేవాడు. ఆ తర్వాత అనేది ఎప్పుడూ వచ్చేది కాదు.

ఒకరోజు భీమిలి నుంచి పైడితల్లి అనే ఆమె భర్తతో, ఏడేళ్ల కూతురు నూకరత్నంతో వచ్చింది. నూకరత్నానికి మాటలు రావు. వచ్చీరాగానే బల్లమీద విడిగా ఉన్న రక్తపు గొట్టాల రంగు మూతలను వరసగా పేర్చడం మొదలుపెట్టింది.

"సారూ, నాను కడుపుతో ఉండి గ్రహణంనాడు సొరకాయ తరిగినానంట. అందుకే పిల్ల ఇలా పుట్టిందని మా అత్త ఏడేళ్లుగా అంటంది. నిజమేటో మీరే సెప్పాల," అంది పైడితల్లి.

"రిపోర్టు వచ్చాక చూద్దాం. పిల్లను గట్టిగా పట్టుకోండి."

"పట్టుకుంటే బెదిరిపోద్ది సారూ. ముందుగాల..."

"టైము లేదమ్మా!"

అక్కడి సిబ్బంది ఇద్దరు పట్టుకోగా భానోజీ రక్తం తీశాడు. పిల్ల కెవ్వున అరిచి కాళ్లు తన్నుకుంది. బల్ల ఊగి, అంతకుముందు వచ్చిన పాప రక్తపు గొట్టాలతో సహా అన్నీ దొర్లిపోయాయి. గొట్టం నిండగానే పేరు చీటీ అంటించాలన్నది అక్కడి నియమం. భానోజీ మాత్రం అందరివీ అయ్యాక ఒక్కసారే అంటించేవాడు. ఆ రోజూ గొట్టాలు ఏరి, ఇది ఫలానా వాళ్లదే అనుకుని అంటించేశాడు.

మూడు నెలలకు ఫలితం వచ్చింది. ఆ లెక్కన నూకరత్నం అసలు వాళ్ల బిడ్డే కాదు! చీటీలు తారుమారయ్యాయని అర్థమయింది. మర్నాడే పైడితల్లి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"సారూ, తప్పు నాదేనా?"

ఏమీ తేలలేదని చెప్పి పంపేయొచ్చు. కానీ ఆమె కళ్లు చూశాక అతనికి సిగ్గు వేసింది.

"తప్పు నాదమ్మా," అని జరిగిందంతా చెప్పాడు. "మళ్లీ రక్తం తీయాలి."

పైడితల్లి ముఖం పాలిపోయింది. "అయితే నాకింక జవాబు లేనట్టే సారూ. ఆ రోజు మొదలు తెల్లకోటు కనపడితే సాలు, మంచం కిందకి దూరిపోతంది. ఈ గది గడప తొక్కదు." నూకరత్నం వరండా చివర చెవులు మూసుకుని కూర్చుని ఉంది.

భానోజీ కోటు విప్పేశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఆ రోజు ముందుగాల అని ఏదో చెప్పబోయారు. ఇప్పుడు చెప్పండమ్మా, పూర్తిగా."

"ఏదైనా ముందు ఇంకొకరికి సేసి సూపించాల సారూ. అది సూసి, తనకి నచ్చినప్పుడు తనే సెయ్యి సాపుద్ది. తొందరపెట్టకూడదు. అంతే."

అంతే! ఆ ఒక్క ముక్క విననందుకు మూడు నెలల పని మట్టిపాలయింది.

భానోజీ మూతల డబ్బా తెచ్చి నూకరత్నం ముందు పెట్టి, తనూ వరండాలోనే చతికిలబడ్డాడు. మొదట తన చేతికే సూది పొడిపించుకున్నాడు. పిల్ల ఓరకంట చూసింది. తర్వాత నాన్న, ఆ తర్వాత అమ్మ. గంట గడిచింది. ఎవరూ ఆమెను పిలవలేదు, బుజ్జగించలేదు. నూకరత్నం చివరి ఎర్ర మూతను వరసలో పెట్టి, ముఖం అటు తిప్పుకుని, చెయ్యి ఇటు చాపింది. గొట్టం నిండగానే భానోజీ చీటీ అంటించి రెండుసార్లు చదువుకున్నాడు.

ఈసారి ఫలితం తేటగా వచ్చింది.

"పాప జన్యువు ఒకదానిలో చిన్న మార్పు ఉందమ్మా. అది మీలోనూ లేదు, మీ ఆయనలోనూ లేదు. పాపలోనే కొత్తగా వచ్చింది. మీ నుంచి వచ్చి ఉన్నా అది మీ తప్పయ్యేది కాదు. ఇక గ్రహణానికీ సొరకాయకీ దీంతో ఏ సంబంధమూ లేదు."

పైడితల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఎంతసేపో ఏడ్చి, చివరికి నవ్వింది. "ఏడేళ్లుగా మా ఇంట సొరకాయ వండనేదు సారూ. ఈయేల వండతాను. మా అత్తకే ముందు వడ్డిస్తాను!"

భానోజీ ఆ తర్వాత కూడా "ఆలస్యం అమృతం విషం" అనేవాడు. కాకపోతే ఎదుటివాళ్లు చెప్పడం పూర్తయ్యాక అనేవాడు.

నీతి: ఎదుటివారి మాట వినడానికి పట్టిన సమయం ఎన్నడూ వృథా కాదు, వినకుండా పరుగెత్తినవాడు మళ్లీ మొదటికే రావాలి.