మొగ దగ్గర వేసిన ఈల

"...ఒక్కటే మాట. అక్కడ ఎవరూ ఈల వెయ్యకూడదు" అన్నాడు గోరన్న.

నువ్వూ వచ్చావా? రా, ఇలా కూర్చో. ఇదంతా అనగనగా ఒక మడ అడవిలో. గోరన్న ఒక నీటికుక్క. ఆ అడవిలో ఏరు సముద్రంలో కలిసే చోటుని మొగ అంటారు. దాన్ని మొసళ్లు ఆక్రమించుకున్నాయి. అడ్డంగా పెద్ద తడిక పెట్టి, మూడు తాళ్లతో బిగించాయి. సముద్రం పోటెత్తి నీళ్లు లోపలికి వచ్చినా చేప రావట్లేదు. నీటికుక్కల పిల్లలు ఆకలికి మట్టి నాకుతున్నాయి.

ఆ తాళ్లు తెంపాలి. కొరకడానికి పందికొక్కు బుచ్చన్న, కత్తిరించడానికి పీత డెక్కమ్మ గోరన్నతో బయల్దేరారు. మిగతా వాళ్లూ వస్తామంటే, చప్పుడవుద్దని గోరన్న వద్దన్నాడు.

నీటికుక్కలకి ఒక అలవాటుంది. చేప దొరికితే ముందు ఈల వేస్తాయి. అందరూ చేరాకే తింటాయి. అందుకే వెళ్లేముందు గోరన్న అమ్మమ్మ ఒక మాట చెప్పింది. "చేప దొరికితే పిలుస్తాం కదా, భయమేసినా పిలవాలి."

గోరన్న నవ్వేసి ఊరుకున్నాడు. భయమేసి పిలిస్తే పరువేం కావాలి?

తెల్లారుతోంది. ముగ్గురూ బోలు దుంగలో నాచు కప్పుకుని పడుకున్నారు. నీళ్లు సముద్రం వైపు తీస్తుంటే దుంగ తనంతట తనే పోతోంది. ఎక్కడ చూసినా మంచే. ఏరేదో ఆకాశమేదో తెలీట్లేదు.

"బావా, మనం ఇంకా నిద్రలోనే ఉన్నామేమో" అని గొణిగాడు బుచ్చన్న.

"నిద్రలో అయితే నీ కంపు రాదు గదా" అంది డెక్కమ్మ.

మొగ వచ్చింది. రెండు గట్ల మీదా మొసళ్లు నోళ్లు తెరుచుకుని పడుకున్నాయి. తడిక మీద కావలి నీటికాకి దుంగని చూసింది. కొట్టుకొచ్చిన దుంగే కదా అని మళ్లీ కళ్లు మూసుకుంది.

మొదటి తాడు బుచ్చన్న కొరికాడు. రెండోది డెక్కమ్మ కత్తిరించింది. మూడోది సగం తెగేసరికి తడిక ఒరిగి, బుచ్చన్న తోక రెండు కర్రల మధ్య ఇరుక్కుంది. అప్పుడే పోటు మొదలైంది. నీళ్లు బుచ్చన్న పొట్ట దాకా వచ్చాయి. మెడ దాకా వచ్చాయి. గోరన్న ఎంత లాగినా కర్ర కదల్లేదు.

"మీరు వెళ్లిపోండి బావా" అన్నాడు బుచ్చన్న మెల్లిగా.

వెళ్లిపోతే మొసళ్లకి తెలీదు. ఈల వేస్తే లేస్తాయి. పైగా అందర్నీ రావద్దన్నది తనే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పిలుస్తాడు? నీళ్లు బుచ్చన్న ముక్కు దాకా వచ్చాయి.

గోరన్న సిగ్గు దిగమింగుకుని ఈల వేశాడు.

మొసళ్లు లేచాయి. కానీ మంచులోంచి ఇంకో ఈల పలికింది. ఇంకోటి. మళ్లీ ఇంకోటి. అమ్మమ్మ అందర్నీ ఏటి వంపు దాకా తెచ్చి ఉంచింది మరి. ఎంతమంది వస్తున్నారో మొసళ్లకి కనపడలేదు. ఏరంతా లేచొస్తోందనుకుని సముద్రంలోకి జారుకున్నాయి.

అందరూ కలిసి తడిక ఎత్తారు. బుచ్చన్న బయటపడ్డాడు, తోక చివర కాస్త వంకరపోయిందంతే. మూడో తాడు ఫట్టుమంది. చేపలు మెరుస్తూ లోపలికి దూకాయి.

మొదటి చేప గోరన్నే పట్టాడు. తినకుండా అమ్మమ్మ ముందు పెట్టి తలొంచుకున్నాడు. అమ్మమ్మ తిట్టలేదు. చేపని పిల్లల వైపు తోసి, అప్పుడు చెప్పిందే మళ్లీ చెప్పింది.

నీతి: "చేప దొరికితే పిలుస్తాం కదా, భయమేసినా పిలవాలి."