నూకాలత్త చలికోటు

అనగనగా ఒక అడవి. ఆ అడవి ఒక పెద్ద కొండ మీద ఉండేది. చలికాలం వచ్చిందంటే అక్కడ మబ్బులు ఆకాశంలో నిలవవు. నేల మీదికి దిగి చెట్ల మధ్య నడుస్తాయి. పొద్దున్నే ముక్కు కొన మొద్దుబారేంత చలి. మధ్యాహ్నానికి చురుక్కుమనే ఎండ. సాయంత్రం మళ్ళీ ఈదురుగాలి. ఒక్క రోజులో మూడు కాలాలు వచ్చి పోతాయన్నమాట.

ఆ అడవిలో నూకాలు అనే కోతి ఉండేది. ఆమె మంత్రసాని. అంటే, ఎవరికైనా పిల్లలు పుట్టే వేళ దగ్గరుండి పురుడు పోసేది. కుందేలు పిల్లలు, ముళ్ళపంది పిల్లలు, జింక పిల్లలు, అందరూ లోకంలోకి వచ్చి మొట్టమొదట చూసింది ఆమె మొహాన్నే. అందుకే చిన్నా పెద్దా అందరికీ ఆమె నూకాలత్తే.

ఆమె భర్త పేరు దాలయ్య. మూలికల సంచీ భుజాన తగిలించుకుని భార్య వెనకే నడిచేవాడు. అతనిది నిదానం. నూకాలుకి మాత్రం మాటలు ఎక్కువ, తొందర ఎక్కువ, సోకు ఇంకాస్త ఎక్కువ. అయితేనేం, చాలా మంచి మనిషి. మనిషి కాదు కదూ! సరే, చాలా మంచి కోతి.

ఒక ఏడు చలి ముందుగానే మొదలైంది. అడవిలోని జంతువులన్నీ ఒకచోట చేరాయి.

"ఎప్పుడు పిలిచినా నూకాలత్త పరుగెత్తుకొస్తుంది. ఆవిడే చలికి వణికిపోతే మన పిల్లల్ని ఎవరు పట్టుకుంటారు?" అంది కుందేలు.

"ఆలుమగలిద్దరికీ చెరొక చలికోటు ఇద్దాం," అంది ముళ్ళపంది.

"ఏ కోటు కావాలో వాళ్ళే ఎంచుకోవాలి," అన్నాడు మగజింక.

అందరూ సరేనన్నారు. కొండ కింద గంగులమ్మ అనే గొర్రె కోట్లు కుట్టేది. ఆమెకు కబురు పంపారు.

మర్నాడే నూకాలు, దాలయ్య గంగులమ్మ ఇంటికి వెళ్ళారు. అక్కడ జామచెట్టు కొమ్మకి మూడు రకాల కోట్లు వేలాడుతున్నాయి.

మొదటిది ముతక ఉన్నితో నేసిన పొడుగాటి కోటు. దాలయ్య అందులో చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు.

"అబ్బ! గుచ్చుకుంటోంది," అన్నాడు.

రెండోది ఎర్రటి కోటు. లోపలంతా బూరుగు దూది కూరి ఉంది. పూరీలా పొంగి ఉంది. అంచులకి బంగారు రంగు దారం, ముందువైపు కట్టుకోవడానికి పట్టుతాళ్ళు. దాన్ని చూడగానే నూకాలు కళ్ళు పెద్దవయ్యాయి.

మూడోది బూడిద రంగు కోటు. మెత్తటి ఉన్నిని దువ్వి దువ్వి నూగులా చేసి కుట్టింది గంగులమ్మ. పలచగా, తేలిగ్గా ఉంది. ముందు ఒక జిప్పు, రెండు జేబులు. అంతే.

నూకాలు ఒక్క గెంతు గెంతి ఎర్రకోటు అందుకుంది. తొడుక్కుని గిర్రున తిరిగింది.

"మావా, ఎలా ఉన్నాను?"

"ఎర్రగా ఉన్నావు," అన్నాడు దాలయ్య.

గంగులమ్మ నవ్వింది. "వదినా, అది వెచ్చనిదే, కాదనను. కానీ ఒక్కసారి చేతులు పైకెత్తి చూడు."

నూకాలు చేతులెత్తింది. అవి భుజాల దాకా వచ్చి ఆగిపోయాయి.

"ఎత్తకపోతే ఏం? నేనేమైనా కొమ్మలు పట్టుకుని వేలాడాలా?"

"నువ్వు కోతివి కదా వదినా!" అంది గంగులమ్మ.

దాలయ్య పక్కకి తిరిగి దగ్గాడు. నిజానికి అది దగ్గు కాదు.

"చూడు వదినా, నువ్వు రోజంతా తిరిగేదానివి. ఈ బూడిద రంగుది తీసుకో. లోపల నూలు చొక్కా వేసుకో. దాని మీద ఇది తొడుక్కో. వానొస్తే పైన ఆకులు కుట్టిన వానతొడుగు వేసుకో. ఎండెక్కితే ఒక్కొక్కటే విప్పేయొచ్చు. చలి పెరిగితే మళ్ళీ ఒక్కొక్కటే వేసుకోవచ్చు," అని గంగులమ్మ ఓపిగ్గా చెప్పింది.

నూకాలు మూతి ముడిచింది. "ఇదా? పాత దుప్పటి ముక్కలా ఉంది. రంగా, రూపా? నలుగురిలోకి వెళితే నూకాలత్త వచ్చిందని తెలియొద్దూ?"

అలా ఎర్రకోటు నూకాలుదైంది.

దాలయ్య మాత్రం బూడిద రంగు కోటు తొడుక్కున్నాడు. చేతులు పైకెత్తాడు. వంగాడు. గొంతుక్కూర్చున్నాడు. చివరికి కోటు చేతిని బుగ్గకి రాసుకుని చూశాడు.

"నాకిది చాలు," అన్నాడు.

ఇంటికి వెళ్ళే దారంతా నూకాలు ఎర్రకోటును అందరూ మెచ్చుకున్నారు. చిలకలు ఈలలు వేశాయి. దాలయ్య కోటు వైపు ఎవరూ చూడలేదు. అతనూ ఎవరి వైపూ చూడలేదు. జేబుల్లో చేతులు పెట్టుకుని హాయిగా నడిచాడు.

కొద్ది రోజులకి కుందేలు నుంచి పిలుపొచ్చింది. నూకాలు ఎర్రకోటు వేసుకుని బయలుదేరింది. కుందేలు బొరియలోకి తల పట్టింది. భుజాలు పట్టలేదు. కోటు బయటే వదిలి, నూలు చొక్కాతో లోపలికి దూరింది. పిల్లలు క్షేమంగా పుట్టారు. బయటికి వచ్చేసరికి నూకాలు పళ్ళు టకటకలాడుతున్నాయి.

"నీ తప్పేం లేదులే, బొరియే ఇరుకు," అంది కుందేలుతో.

మరికొన్నాళ్ళకి ముళ్ళపంది పిలిచింది. వాళ్ళ ఇల్లు కొండ పైన. మిట్టమధ్యాహ్నం ఎక్కాలి. సగం దూరం వెళ్ళేసరికి నూకాలుకి చెమటలు ధారలు కట్టాయి. కోటు విప్పి చేత్తో పట్టుకుందామంటే అది ఒక మూటంత ఉంది. మోయలేక మళ్ళీ తొడుక్కుంది. పక్కన దాలయ్య తన కోటు విప్పి, నడుముకి చుట్టుకుని, దాని చేతులతో ముడేసుకున్నాడు. సాయంత్రం గాలి తిరగ్గానే నూకాలు ఒంటి మీది చెమట చల్లబడింది. ఆ వారమంతా తుమ్ములే తుమ్ములు.

"ఎండే ఎక్కువగా ఉంది," అంది ముక్కు తుడుచుకుంటూ.

అప్పటికైనా ఆ కోటు మార్చుకుంటుందా అని దాలయ్య చూశాడు. ఊహూఁ. అంతలో ఒక రోజు తెల్లవారుతూనే మగజింక రొప్పుకుంటూ వచ్చాడు.

"అత్తా! మా సీతాలుకి నొప్పులు మొదలయ్యాయి. మొదటి కాన్పు. భయపడుతోంది. తొందరగా రా!"

"పద నాయనా, పద!"

నూకాలు ఎర్రకోటు తాళ్ళు బిగించి కట్టుకుంది. దాలయ్య నూలు చొక్కా మీద బూడిద రంగు కోటు, దాని మీద ఆకుల వానతొడుగు వేసుకున్నాడు.

"నువ్వూ వానతొడుగు వేసుకోవే. మబ్బు పట్టింది," అన్నాడు.

"ఈ కోటు మీద అది పడితేగా!" అంది నూకాలు విసుగ్గా. అది నిజమే. పట్టలేదు.

మగజింక ముందు పరుగెత్తాడు. వీళ్ళు సగం దారిలో ఉండగా వాన అందుకుంది. సన్నగా మొదలై పెద్దదైంది. బూరుగు దూది నీళ్ళు పీల్చుకుంది. ఎర్రకోటు బరువెక్కింది. ఇంకా బరువెక్కింది. నీళ్ళు నిండిన గోనెసంచిని మోస్తున్నట్టయింది నూకాలుకి.

చివరికి ఒక రాతి గోడ అడ్డొచ్చింది. దాని పైనే సీతాలు ఉన్న పొద. గోడ మీదుగా ఒక తీగ వేలాడుతోంది. నూకాలు మామూలుగా ఆ తీగ పట్టుకుని రెండు ఊపుల్లో పైకి చేరుకునేది. ఇప్పుడు తీగ కోసం చెయ్యి చాచింది. చెయ్యి పైకి లేవలేదు. ఎగిరింది. జారి బురదలో పడింది.

పై నుంచి సీతాలు అరుపు వినిపించింది. "అత్తా! ఎక్కడున్నావు?"

"వస్తున్నా తల్లీ!" అని నూకాలు కోటు విప్పబోయింది. తడిసిన పట్టుతాళ్ళు బిగుసుకుపోయాయి. ముడి రాలేదు. లాగిన కొద్దీ ఇంకా బిగిసింది. ఇన్నేళ్ళలో ఎవరు పిలిచినా ఆలస్యంగా వెళ్ళని నూకాలు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మావా, నేను చేరుకోలేనేమో మావా!"

"కదలకు," అన్నాడు దాలయ్య. తన పళ్ళతో తాళ్ళు కొరికేశాడు. ఎర్రకోటు దభీమని బురదలో పడింది. నూకాలు తడి చొక్కాతోనే తీగ పట్టుకుని పైకి పాకింది. దాలయ్య వెనకే ఎక్కాడు.

సీతాలు పొద కింద పడుకుని వణుకుతోంది. ఇక క్షణాల్లో పిల్ల బయటికి వచ్చేట్టుంది. నూకాలు చేతులు చాచి చూసుకుంది. వేళ్ళు కట్టెల్లా బిగుసుకుపోయాయి. ముడుచుకోవు, చాచుకోవు.

"ఇలా పెట్టు," అని దాలయ్య వానతొడుగు తీసి, జిప్పు కొంచెం కిందికి లాగాడు. ఆమె చేతులు తన కోటు లోపలికి లాక్కున్నాడు. లోపల పొడిగా, పొయ్యి పక్కన కూర్చున్నట్టు వెచ్చగా ఉంది. వేళ్ళు ఒక్కొక్కటే మెల్లగా కదిలాయి. నూకాలు చటుక్కున చేతులు తీసి పనిలో పడింది.

"ఇంకొక్కసారి ఊపిరి బిగబట్టు తల్లీ. అదీ! నా బంగారు తల్లివి!"

పిల్ల పుట్టింది. కానీ కదలలేదు. కళ్ళు తెరవలేదు. పైన వాన, పక్క నుంచి చలిగాలి. ఆ చిన్న ఒళ్ళు చల్లబడిపోతోంది. సీతాలుకి తల ఎత్తి పిల్లని నాకే ఓపిక కూడా లేదు.

"మావా! పొడి బట్ట ఏదీ?"

సంచీలోని బట్టలన్నీ తడిసిపోయాయి. ఎర్రకోటు బురదలో ఉంది.

దాలయ్య జిప్పు సర్రున కిందికి లాగాడు. బూడిద రంగు కోటు విప్పి ఆమె చేతుల్లో పెట్టాడు. అతని ఒంటి వేడి ఇంకా అందులో ఉంది. నూకాలు పిల్లని దాంట్లో చుట్టి, గుండెకి హత్తుకుని, గబగబా రుద్దింది. మెత్తటి ఉన్ని పిల్ల ఒంటి తడినంతా తుడిచేసింది.

"లే నాన్నా. లే బుజ్జీ. అత్త వచ్చింది కదా, లే."

ఒక చెవి కదిలింది. తరువాత రెండోది. ఆ తరువాత కోటు మడతల్లోంచి ఒక చిన్న ముక్కు బయటికి వచ్చి, తుమ్మింది!

సీతాలు ఏడుస్తూ నవ్వింది. మగజింక నవ్వలేక, ఏడవలేక నిలబడ్డాడు.

"నా సంగతి కూడా ఎవరైనా చూస్తారా?" అని వినిపించింది. చూస్తే దాలయ్య నూలు చొక్కాతో, ఆకుల వానతొడుగు కప్పుకుని గజగజ వణుకుతున్నాడు. మగజింక వెళ్ళి అతనికి ఒళ్ళు ఆనించి గాలికి అడ్డంగా నిలబడ్డాడు. అందరూ ఒక్కసారిగా నవ్వారు.

నూకాలు మాత్రం సీతాలు దగ్గర కూర్చుని నెమ్మదిగా అంది: "ఆలస్యం నాది తల్లీ. నేను వణికితే ఫరవాలేదు. నా సోకు వల్ల నీ బిడ్డ వణికింది. ఇంకెప్పుడూ అలా జరగనివ్వను."

వాన వెలిశాక ఎర్రకోటును ఉతికి ఆరేసింది. అది ఆరడానికి చాలా రోజులు పట్టింది. దాన్ని పట్టుకుని గంగులమ్మ దగ్గరికి వెళ్ళింది.

"వదినా, కోటు మంచిదే. దాన్ని ఎంచుకున్న నాకే బుద్ధి లేకపోయింది," అంది.

గంగులమ్మ దెప్పలేదు. "ఇది ఎవరికి బాగుంటుందో తెలుసా? మన తాబేలు తాతకి. చలికాలమంతా గుహలో కూర్చుని కబుర్లు చెబుతాడు. కదిలే పని లేదు, తడిసే పని లేదు."

తాబేలు తాత ఎర్రకోటు డొప్ప మీద కప్పుకుని మురిసిపోయాడు. "నాకు చేతులెత్తే అవసరం ఏముందే మనవరాలా? తల ఎత్తడమే బద్ధకం!" అన్నాడు.

గంగులమ్మ నూకాలు కోసం మరో ఉన్ని కోటు తీసింది. "ఏ రంగు కావాలి వదినా?"

"మురికి కనబడని రంగు," అంది నూకాలు. ఈసారి తనే చేతులు పైకెత్తింది. వంగింది. జామచెట్టు కొమ్మ పట్టుకుని ఊగి, అవతలి కొమ్మకి దూకి చూసింది. అప్పుడు గాని సరేననలేదు.

మర్నాడు పొద్దున్నే, మంచు ఇంకా చెట్ల మధ్య తిరుగుతుండగానే, ఉడుత నుంచి పిలుపొచ్చింది. ఉడుత ఇల్లు చెట్టు చిటారున ఉన్న తొర్రలో. నూకాలు నూలు చొక్కా వేసుకుంది. దాని మీద ఉన్ని కోటు తొడిగింది. వానతొడుగు సంచీలో పెట్టింది.

"కాస్త ఆగవే, నేనూ వస్తున్నా!" అని దాలయ్య అరుస్తూనే ఉన్నాడు. ఆమె అప్పటికే నాలుగో చెట్టు మీద ఉంది.

ఎండ వచ్చేలోగా ఉడుతకి ముగ్గురు పిల్లలు పుట్టారు. కళ్ళయినా తెరవని ఆ ముగ్గురూ నూకాలత్త మెత్తటి కోటు చేతుల్లో ఒదిగి, తమ మొదటి నిద్ర పోయారు.

నీతి: దేన్నైనా ఎంచుకునే ముందు నలుగురూ ఏమంటారో అని చూసుకోవడం కన్నా, రోజూ మనం చేసే పనిని ఒకసారి తలచుకోవడం మేలు.