దీపాలు ఆర్పనివాడు

మొగిలిగుండం రాజావారి మోటారు ఆ ఉదయం ఎంతకీ కదల్లేదు. కిందటేడు ఇలాగే మొరాయిస్తే రాజావారు పాత డ్రైవరు చేతివేళ్ళు విరగ్గొట్టించారు. అది తలుచుకుంటూనే కొత్త డ్రైవరు సైదులు బానెట్ ఎత్తాడు.

చూస్తే పెట్రోలు ఉంది. తీగలూ గట్టిగానే ఉన్నాయి. హారన్ నొక్కితే మాత్రం కిక్కురుమనలేదు. బ్యాటరీ చచ్చిపోయిందన్నమాట. ఎందుకా అని వెతికితే, దీపాల మీట వేసే ఉంది. షెడ్డులో రాత్రంతా వెలిగి ఆరిపోయాయి. నిన్న సాయంత్రం బండి తోలుకెళ్ళి, తెచ్చి నిలిపింది రాజావారే. సైదులు మీట ఆపి కిందికి దిగాడు.

"ఏమైందిరా?" అన్నారు రాజావారు, పరివారమంతా చూస్తుండగా.

"ఎవరో దీపాలు ఆర్పకుండా వదిలేశారు ప్రభూ. బ్యాటరీ అయిపోయింది."

"ఎవడు వాడు? చెయ్యి నరికిస్తాను."

"చెయ్యి నరికితే బండి కదలదు ప్రభూ. వెనకనించి తోస్తేగాని ఇంజను అందుకోదు. వదిలేసినవాడే ముందుగా భుజం పట్టాలని శిక్ష మార్చండి."

రాజావారికి ఆ మాట నచ్చింది. "సరే, అదే నా ఆజ్ఞ. వాణ్ణి చూపించు."

సైదులు తల దించుకున్నాడు. "నిన్న సాయంత్రం బండి తోలింది తమరే ప్రభూ."

రాజావారి చెయ్యి నడుముకున్న కత్తి దాకా వెళ్ళి ఆగింది. అందరి ముందూ ఇచ్చిన ఆజ్ఞను అంతలోనే ఎలా తప్పుతారు? చివరికి తలపాగా తీసి దివానుకిచ్చి, బండి వెనక్కి నడిచారు. ఆయన భుజం ఆనించగానే పరివారమంతా పరుగున వచ్చి చెయ్యేసింది.

ఇంజను అందుకుంది. రాజావారి ఆయాసం వినిపిస్తున్నా, స్టీరింగు దగ్గరున్న సైదులు అద్దంలోకి చూసే ధైర్యం చెయ్యలేదు.