వెనక్కి తిరిగిన మొనలు

భూషయ్య దాసుగారి ఆశ్రమంలో చేరిన నాలుగు నెలల్లోనే ఏడుకొండలు భజనలో తాళం దిద్దాడు, వంటింట్లో ఉప్పు దిద్దాడు, చివరికి గురువుగారి తత్వంలో ఒక చరణం కూడా దిద్దేశాడు. తప్పు కనిపిస్తే అతని చెయ్యి ఊరుకోదు. తనని బోధకి ఎప్పుడు పంపుతారని రెండుసార్లు అడిగాడు. గురువుగారు నవ్వేసి పనిలో పడ్డారు.

ఒక ఉదయం బురదలో ఆశ్రమం ట్రాక్టరు జాడ అతని కంటపడింది. బండి ముందుకి పోయింది గానీ, టైరు మీది ఏటవాలు పట్టీలు బురదలో వేసిన బాణాల మొనలు వెనక్కి తిరిగి ఉన్నాయి. చక్రాలు తిరగేసి బిగించారని తేల్చేశాడు. బిగించింది గురువుగారే. ఆయన పొరుగూరు వెళ్లిన రోజు చూసి, జాకీ పెట్టి, కుడి చక్రం ఎడమకీ ఎడమది కుడికీ మార్చేశాడు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

మర్నాడు మడిలో దమ్ము, ఊడ్పుకి ముందు నేలని బురదగా కలియదున్నే పని. కాలవ నీళ్లు ఆ ఒక్క రోజే ఉన్నాయి. పీకిన నారు గట్టు మీద వాడిపోతోంది. ఊడ్పుకి వచ్చిన ఆడవాళ్లు చీరలు ఎగ్గట్టుకుని కూర్చున్నారు.

ట్రాక్టరు పది గజాలు పోయి చతికిలబడింది. పట్టీల మధ్య బురద చేరి టైర్లు నున్నగా అయిపోయాయి. ఏడుకొండలు గేరు మార్చేకొద్దీ బండి ఇంకా దిగబడింది.

"దానికి కాస్త బోధ చెప్పండి బాబూ, కదుల్తుందేమో," అంది వాళ్లలో మంగతాయారు. గట్టంతా నవ్వింది. ఏడుకొండలికి తల కొట్టేసినట్టయింది.

అప్పుడే వచ్చిన గురువుగారు చక్రాల వంక ఒకసారి చూశారు. పంచె బిగించి, ఎక్కి, రివర్సు గేరు వేశారు. బురద పెళ్లలు పెళ్లలుగా ఊడి పక్కలకి పడింది. ట్రాక్టరు వెనక్కి నడిచి గట్టెక్కేసింది.

"వెనక్కి బాగా లాగుతోంది. ఎవరు బిగించారు?"

"నేనేనండి," అన్నాడు ఏడుకొండలు తల దించుకుని.

గురువుగారు జాకీ తెచ్చారు. ఇద్దరూ కలిసి చక్రాలు మళ్లీ మార్చారు.

"మొన ముందు దిగాలి నాయనా. అప్పుడే బురద పక్కలకి పోతుంది."

మధ్యాహ్నానికి దమ్ము అయింది. ఆడవాళ్లు మడిలోకి దిగారు. ఏడుకొండలు కాలవలో చేతులు కడుక్కుంటూ, గట్టు మీద పడ్డ జాడ వైపు చూశాడు. ఉండబట్టలేక అడిగాడు.

"మొన ముందు దిగితే మరి అచ్చు వెనక్కి తిరిగే పడుతుంది కదండీ, గురువుగారూ?"

"పడనీ," అన్నారాయన. "దాన్ని చూస్తూ బండి తోలేదెవరు?"