ఏరు దాటాల్సిన బడి

అనగనగా కొండవాలున ఒక అడవి. ఆ అడవిలో ఒక మంచి బడి ఉండేది, పిల్లలూ. దాన్ని కొంగ మాస్టారు నడిపేవాడు. బడిలో సీట్లు నలభయ్యే. ఎవరిల్లు బడికి దగ్గరో వాళ్ల పిల్లలకే ముందు సీటు. మిగిలిన పిల్లలు ఏరు దాటి అవతలి బడికి పోవాలి.

తవిటమ్మ అనే కుందేలుకు ఒక్కతే కూతురు, పైడి. పైడిని బడిలో వేసే ఏడు వచ్చింది. పోయిన ఏడాది ఐదువందల అడుగుల దూరం దాకా సీట్లు దొరికాయని విని, తవిటమ్మ తన ఇంటి నుంచి బడికి అడుగులు లెక్కపెట్టింది. ఐదువందల ముప్ఫై. మలుపులో అడ్డదారిన పోయి మళ్లీ లెక్కపెట్టింది. ఐదువందల ఇరవై. మూడోసారి అడుగులు సాగదీసి నడిచింది. ఐదువందల పన్నెండు. ఆమెకు అన్నం సయించలేదు.

"వానాకాలంలో ఆ ఏరు నా బిడ్డ ఎలా దాటుతుంది?" అని ఏదుపంది మామ దగ్గర ఏడ్చింది.

"బడి వెనకాల నా పాత బొరియ ఖాళీగా ఉంది. మాస్టారు ఎవరిల్లు ఎంత దూరమో చూడ్డానికి వచ్చే రోజు అందులో కూర్చో. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు మామ.

తవిటమ్మ ఆ బొరియలో నాలుగు గడ్డిపరకలు పరిచి పైడితో కూర్చుంది. కొంగ మాస్టారు వచ్చి అడిగాడు.

"ఎన్నాళ్ల నుంచి ఉంటున్నావమ్మా?"

"మొదటి నుంచీ ఇక్కడే మాస్టారూ."

"అమ్మా, ఇది మనిల్లు కా..." అంటున్న పైడి నోరు తల్లి గబుక్కున మూసేసింది.

పైడికి నలభయ్యో సీటు వచ్చింది. కానీ తవిటమ్మకు నిశ్చింత రాలేదు. ఎవరైనా చూస్తారేమోనని పైడిని పొదల చాటున బడికి తీసుకెళ్లేది. "ఇల్లెక్కడని అడిగితే చెప్పకే!" అని రోజూ హెచ్చరించేది. పైడి బడిలో ఎవరితోనూ మాట్లాడటం మానేసింది.

రెండు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం పెద్ద వాన కురిసింది. ఏటి గట్టున చుక్కమ్మ అనే అడవికోడి తడిసి ముద్దయి నిలబడి ఉంది.

"ఇక్కడేం చేస్తున్నావు వదినా?" అంది అటుగా వచ్చిన తవిటమ్మ.

"పిల్ల అవతలి బడి నుంచి ఇంకా రాలేదు వదినా. మా ఇల్లు నాలుగువందల తొంభై అడుగులే. సీటు వస్తుందనుకున్నాం. ఎవరో ఇంకా దగ్గరివాళ్లు ఉన్నారట. ఏం చేస్తాం!"

ఇద్దరూ నీళ్లకేసి చూస్తూ నిలబడ్డారు. చాలాసేపటికి ఒక దుంగ కొట్టుకొచ్చింది. దాని మీద కోడిపిల్ల కళ్లు గట్టిగా మూసుకుని, గోళ్లతో పట్టుకుని ఉంది. తవిటమ్మ నీళ్లలోకి దూకి దుంగను ఒడ్డుకు లాగింది.

"నీ మేలు మరిచిపోను వదినా!" అని చుక్కమ్మ దండం పెట్టింది.

తవిటమ్మ ఆ దండం చూడలేకపోయింది. "పెట్టకు వదినా. నీ పిల్ల సీటు లాక్కున్నది నేనే," అని జరిగిందంతా చెప్పేసింది.

చుక్కమ్మ పిల్లను రెక్కల కింద పొదువుకుంది. "నా పిల్ల రెండు నెలలు ఈ నీళ్లలో నడిచింది తవిటమ్మా," అని మాత్రం అంది. వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

మర్నాడు తవిటమ్మ కొంగ మాస్టారుకు నిజం చెప్పింది. మాస్టారు పైడి పేరు కొట్టేసి కోడిపిల్ల పేరు రాశాడు.

"మరి నా బిడ్డ?"

"అవతలి బడికే పంపాలమ్మా," అన్నాడాయన, తల దించుకుని.

ఆ రోజు నుంచి తవిటమ్మ పైడిని వీపున ఎక్కించుకుని ఏరు దాటించేది. బడి వదిలే వేళకు చాలా ముందే గట్టుకు చేరేది. పైన మబ్బు కనిపిస్తే చాలు, గట్టు వెంట అటూ ఇటూ తిరిగేది. కూతురు కంటపడేదాకా ఆమె కూర్చునేది కాదు.

నీతి: మన బిడ్డ కోసం మనం ఆడే అబద్ధాన్ని మరొకరి బిడ్డ మోయాల్సి వస్తుంది.