ఎండలో అన్నపూర్ణ

వెనకటికి ఒక రాజ్యంలో కోనప్ప అనే బొమ్మలవాడు ఉండేవాడు. అవి కరువు రోజులు. దసరాకి మహారాజు ధాన్యపు కొఠారు చూడటానికి వస్తున్నారని, దాని గోడ మీద అన్నపూర్ణాదేవి బొమ్మ వెయ్యమని దివాన్ భుజంగరాయలు అతన్ని పురమాయించాడు.

తీరా బొమ్మ చూద్దామని దివాన్ వస్తే ఏముంది! కొఠారు ముందు గింజల కోసం రోజూ నిలబడే ఆడవాళ్ల వరుసే గోడ మీదా ఉంది. మండుటెండలో వాళ్ల మధ్య, ముతక చీర కొంగు నెత్తిన కప్పుకుని, నడుముకి బంగారు గరిటె దోపుకుని, చేట పట్టుకుని నిలబడి ఉంది అన్నపూర్ణమ్మ!

దివాన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. "లోకానికి అన్నం పెట్టే తల్లిని ఎండలో నిలబెడతావురా? చెరిపెయ్!"

"నాకేం దొరా, చెరిపేస్తాను. కానీ ఆ ఆడవాళ్లు అప్పుడే పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టేశారు. అమ్మ మొహాన సున్నం కొట్టిస్తున్నానని తమరే వాళ్లకొక మాట చెప్పండి."

దివాన్ వరుసకేసి చూసి గొంతు తగ్గించాడు. "పోనీ, ఆవిడ నెత్తిమీద పందిరైనా గియ్యరా."

కోనప్ప ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నాడు. "లేని పందిరి గీస్తే, మహారాజు తల తిప్పి చూడగానే దొరికిపోమూ? తమరు వేయించండి, నేను గీస్తాను."

మర్నాటికల్లా కొఠారు ముందు తాటాకు పందిరి లేచింది. బొమ్మలోనూ లేచింది. దివాన్ మీసం దువ్వుకుంటూ వచ్చి చూసి, మొహం ముడిచాడు.

"నీడ బాగానే ఉంది గానీ, తల్లి ఇంకా నిలబడే ఉందేమిట్రా?"

కోనప్ప కుంచె కడుక్కుంటూ, "ఏం చేస్తుంది దొరా, కూర్చోడానికి అరుగు లేదుగా!" అన్నాడు.