సుభక్కతో మొదటి ఆట

హైమకి కొన్నాళ్లుగా ఒకటే దిగులు. సుభక్క తనతో సరిగ్గా మాట్లాడటం లేదు.

గొడవేమీ జరగలేదు. జరిగి ఉంటే బాగుండేది, ఎవరో ఒకరు తగ్గేవారు. సుభక్క క్లబ్బుకి వస్తుంది, "బాగున్నావా" అంటుంది, ఆడుతుంది, తన సంచీ తను సర్దుకుని వెళ్లిపోతుంది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే బండి మీద వచ్చేవారు. భీమిలిలో, సముద్రం ఒడ్డున ఉన్న ఆ పాత గోదాములో ఫెన్సింగ్ అనే కత్తుల ఆట నేర్పుతారని హైమకి చెప్పింది సుభక్కే. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చిందీ, మొదటి రోజు తెల్ల జాకెట్టు వెనక జిప్పు పెట్టిందీ ఆవిడే. ఆవిడ బడిలో డ్రిల్లు టీచరు. హైమ మందుల షాపులో పనిచేస్తుంది. వయసులో పదేళ్ల తేడా ఉన్నా ఒకరి ఇంట్లో ఒకరు అన్నం తినేంత చనువు ఉండేది.

శనివారం తెల్లవారుతుండగా క్లబ్బు వాళ్లంతా మినీబస్సులో ఘాటు రోడ్డెక్కారు. అరకు దగ్గర రెండు రోజుల పోటీలు. పెద్ద పోటీలేం కావు, ఉద్యోగాలు చేసుకుంటూ సరదాకి ఆడుకునేవాళ్లవి. కానీ సరదాకి ఆడేవాళ్లకే గెలుపు మీద యావ ఎక్కువ. ఎందుకో మరి, ఎక్కడ చూసినా అంతే.

పైకి వెళ్లేకొద్దీ మంచు కమ్ముకుంది. కిటికీ అవతల చెట్లు దగ్గరికొచ్చి, ఓ క్షణం నిలబడి, చెరిగిపోతున్నాయి. బస్సు నడుస్తోందో కొండే జరుగుతోందో తెలియడం లేదు. సగం మంది నిద్రపోతున్నారు. మిగతా సగం మంది కళ్లు తెరుచుకునే కలగంటున్నట్టున్నారు.

టీ తాగడానికి ఆగినప్పుడు సుభక్క, గ్లాసులోకి చూస్తూ, అందరూ వినేలా అంది.

"నాకిదే ఆఖరు. ఇంటికెళ్లాక కత్తీ గిత్తీ ఎవరికైనా ఇచ్చేస్తాను."

"అదేటక్కా! ఎందుకలాగ?" అన్నారు అందరూ.

"ఎంత ఆడతానో నాకే తెలీడం లేదు," అంది ఆవిడ. నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వు హైమ వైపు రాలేదు.

బస్సు కదిలాక హైమ లేచి వెళ్లి జలాల్ మాస్టారి పక్కన కూలబడింది.

జలాల్ మాస్టారిది తాతల కాలం నుంచీ కత్తి పట్టిన ఇల్లు. పాత కత్తిసాము వాళ్ల నాన్న దగ్గర నేర్చుకుని, ఈ కొత్త ఆట మిలిటరీలో ఉండగా నేర్చుకున్నారు. ఎండాకాలంలో కూడా మఫ్లరు తీయరు. పాఠం చెప్పమంటే కత్తి చేతికిస్తారు తప్ప నోరు విప్పరు. కొత్తగా చేరినవాళ్లు ఆయనకి మాటలు రావేమో అనుకుంటారు.

"మాస్టారూ, అక్క మానేస్తానంటోంది."

"విన్నాను."

"నా మీద కోపం మాస్టారూ. నేనేం చేశాను? ఆవిడకి మంచే చేశాను!"

మాస్టారు తల తిప్పి చూశారు. హైమ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి చెప్పేసింది.

సంగతేమిటంటే, ఈ పోటీల్లో ఆటగాళ్లని గుంపులుగా విడదీసి, గుంపులో అందరినీ అందరితోనూ ఆడిస్తారు. ఒకే క్లబ్బు వాళ్లిద్దరు ఒక గుంపులో పడితే వాళ్లిద్దరి ఆటే అన్నిటికన్నా ముందు పెట్టేస్తారు. ఆఖర్లో పెడితే ఒకరి కోసం ఒకరు ఓడిపోతారేమోనని అనుమానం. ఆ నియమం పెట్టినవాళ్లు మహా తెలివైనవాళ్లే గానీ వాళ్లకి హైమ సంగతి తెలీదు. ఆమె మొదటి ఆటలోనే శుభ్రంగా ఓడిపోయేది.

"ఈ మధ్య ఎప్పుడు కలిసి పడ్డా అంతే మాస్టారూ. ఆవిడ కన్నా నేను బాగా ఆడుతున్నానని నాకు తెలుసు. కానీ నాకు నేర్పింది ఆవిడ కదా! మణికట్టు కాస్త అటు తిప్పి, ముంజెయ్యి ఖాళీగా వదిలేస్తాను. ఆవిడ మొన వచ్చి పడుతుంది, లైటు వెలుగుతుంది. 'బాగా ఆడావక్కా' అంటాను. మిగతా ఆటలు నేనెలాగూ గెలుచుకుంటాను. నాకు పోయిందేటి?"

"ఆమెకి తెలుసా?"

"తెలీదు. చచ్చినా తెలియనివ్వను. అంత జాగ్రత్తగా చేస్తాను."

మాస్టారు మఫ్లరు చెవుల మీదికి లాక్కుని కళ్లు మూసుకున్నారు. ఏదో ఒకటి అంటారని హైమ చాలాసేపు ఎదురుచూసింది. ఆయన గురక మొదలుపెట్టేసరికి ఒళ్లు మండి తన సీటుకి వెళ్లిపోయింది.

శనివారమంతా జట్ల పోటీలు. కాఫీ తోటల మధ్య ఒక పాత షెడ్డు, అందులో పొడుగాటి పట్టీలు పరిచారు. వాటి మీద ఇద్దరిద్దరు, తెల్లబట్టల్లో, జల్లెడలాంటి మాస్కుల్లో, మొన తగిలితే మెషీను మీద లైటు వెలిగేలా వీపున వైరు తగిలించుకుని ముందుకీ వెనక్కీ కదులుతున్నారు. తలుపులు తీసే ఉండటం వల్ల మంచు లోపలికొచ్చి తిరుగుతోంది. దూరంగా ఉన్న పట్టీ మీద మనుషులు కనపడటం లేదు. ఉక్కు ఉక్కుకి తగిలిన చప్పుడు వినిపిస్తుంది, ఓ ఎర్ర లైటో పచ్చ లైటో మంచులో వెలుగుతుంది, మళ్లీ అంతా తెల్లగా అయిపోతుంది. హైమకి ఆ రోజు ఎవరితో ఆడిందో, ఎలా ఆడిందో తర్వాత గుర్తులేదు. సుభక్క తన జట్టులోనే ఉండి, తన పక్కనే కూర్చుని, నీళ్ల సీసా అందించి కూడా ఒక్క మాట మాట్లాడలేదన్నది మాత్రం గుర్తుంది.

సాయంత్రం మైకులో మర్నాటి గుంపులు చదివారు. హైమ, సుభాషిణి, ఇద్దరూ ఒకే గుంపు. పొద్దున్నే మొదటి ఆట వాళ్లదే.

సుభక్క తువ్వాలు మడిచి సంచీలో పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది.

హైమ మాస్టారి దగ్గరికి పరుగెత్తింది. "మాస్టారూ, రేపు కూడా ఓడిపోతాను. ఈసారి ఇంకా బాగా ఓడిపోతాను. గెలిస్తే ఆవిడకి మళ్లీ ఉత్సాహం వస్తుంది. ఇక మానేయదు, కదా?"

"కత్తి తెచ్చుకో తల్లీ," అన్నారు మాస్టారు.

షెడ్డు వెనక గడ్డి నేల ఉంది. పొద్దు వాలుతోంది గానీ సూర్యుడెక్కడున్నాడో తెలీదు. మంచంతా లేత పసుపు రంగుకి తిరిగింది. మాస్టారు మాస్కు పెట్టుకుని నిలబడితే ఆయన కాళ్లు మోకాళ్ల దాకా కనపడటం లేదు. వైర్లు లేవు, లైట్లు లేవు. వాళ్ల గోదాములో మొదట్నుంచీ ఒక ఆనవాయితీ ఉంది. మెషీను లేకుండా ఆడేటప్పుడు, దెబ్బ తిన్నవాళ్లే "తగిలింది" అని చెప్పాలి. కొట్టినవాళ్లు నోరెత్తకూడదు.

హైమ ఇన్నేళ్లలో మాస్టారిని ఒక్కసారి కూడా తాకలేదు. ఆమే కాదు, క్లబ్బులో ఎవరూ తాకలేదు. నిద్రలో మాత్రం ఒకటి రెండుసార్లు తగిలించింది. పొద్దున్న లేచి ఆ కల గుర్తొచ్చి రోజంతా సంతోషంగా మందులు అమ్మింది.

ఇద్దరూ కత్తులెత్తి సలాం చేసుకున్నారు. హైమ ముందుకెళ్లింది, వెనక్కొచ్చింది, మళ్లీ వెళ్లింది. ఆమె మొన మాస్టారి భుజం మీద ఆగింది. కత్తి విల్లులా వంగింది.

"తగిలింది," అన్నారు మాస్టారు.

హైమకి గట్టిగా అరిచి సుభక్కని పిలవాలనిపించింది. ఇలాంటివి ముందు ఆవిడకే చెప్పడం అలవాటు.

మళ్లీ నిలబడ్డారు. ఈసారి ఛాతీ మీద.

"తగిలింది."

నిజంగా కలలోలాగే ఉంది. అడుగులు వాటంతటవే పడుతున్నాయి. చెయ్యి చాస్తే చాలు, మొన వెళ్లి కూర్చుంటోంది. ఇన్నాళ్లకి తనకి ఆట వచ్చిందనుకుంది. మూడోసారి ఆయన ముంజేతి మీదికి మొన తోసింది. సరిగ్గా అప్పుడు, మొన ఇంకా చేరకముందే, మాస్టారి మణికట్టు కాస్త అటు తిరగడం చూసింది.

చాలా కొద్దిగా తిరిగింది. ఇంకెవరైనా అయితే కనిపెట్టలేరు. ఆ తిప్పడం ఎలాంటిదో హైమకి తెలుసు కాబట్టి కనిపెట్టింది.

"తగిలింది," అన్నారు మాస్టారు.

హైమ కత్తి దించేసింది. మంచు ఒక్కసారిగా చల్లగా తోచింది.

"మాస్టారూ, మొదటిదైనా నిజమేనా?"

ఆయన మాస్కు తీశారు. ముఖం నిండా ఆప్యాయంగా నవ్వారు.

"బాగా ఆడావు తల్లీ," అన్నారు.

హైమకి ఏడుపొచ్చేసింది. కోపం వచ్చింది, సిగ్గేసింది, ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. భుజం మీద పడ్డ ఆ మొదటి దెబ్బని ఎంత తలుచుకున్నా అది తనదో, ఆయన ఇచ్చిందో తెలియడం లేదు. ఇక ఎప్పటికీ తెలీదు కూడా. తనని ఇంతకన్నా ఘోరంగా ఎవరూ అవమానించలేదనిపించింది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

మాస్టారు కత్తి తుడుచుకుని, మఫ్లరు సర్దుకుని, టీ ఇస్తున్న వైపు నడిచి మంచులో కలిసిపోయారు. హైమ గడ్డి మీద కూర్చుండిపోయింది. చాలాసేపటి తర్వాత, ఏదో అర్థమైనదానిలా రెండు చేతులతో తల పట్టుకుని, "అయ్యో అక్కా," అంది.

ఆదివారం పొద్దున మంచు ఇంకా ఎక్కువగా ఉంది. షెడ్డులో ట్యూబులైట్లు వేసినా పట్టీ అవతలి కొస అంతంత మాత్రంగానే కనిపిస్తోంది. ఆ కొసన సుభక్క నిలబడి ఉంది. మాస్కు వెనక ముఖం కనపడటం లేదు. సలాం చేసి, భుజాలు జారవిడిచి నిలబడింది. జరగబోయేదేమిటో ముందే తెలిసిన మనిషి నిలబడినట్టు నిలబడింది.

"మొదలు," అన్నాడు రిఫరీ.

హైమ ఒక్క ఉదుటున వెళ్లి కొట్టింది. లైటు వెలిగింది.

సుభక్క అదిరిపడింది. రెండోసారి హైమ ఇంకా వేగంగా వెళ్లింది. మొన మోకాలి మీద పడింది. ఈ ఆటలో తల నుంచి కాలి వేలి దాకా ఎక్కడ తగిలినా పాయింటే. బెంచీ మీద కూర్చున్న క్లబ్బు వాళ్లు "ఏటమ్మా ఇది! మనవాళ్ల మీదేనా!" అని గొణిగారు. మాస్టారు టీ ఊదుకుంటున్నారు.

సుభక్క కదలకుండా నిలబడి హైమ వైపు చూసింది. చాలాసేపు చూసిందని హైమకి అనిపించింది. తర్వాత ఆవిడ భుజాలు లేచాయి. మడమలు నేల మీద నుంచి లేచాయి. ఎన్నో ఏళ్ల కిందట గోదాములో తనకి అడుగులు నేర్పిన మనిషి మంచులోంచి నడిచి వస్తున్నట్టు వచ్చింది.

హైమ వెనక్కి తగ్గాల్సి వచ్చింది. కత్తులు రెండుసార్లు తగిలి విడిపోయాయి. హైమ ఆ మొనని పక్కకి నెట్టింది. నెట్టగలిగినంతా నెట్టింది. అయినా అది కిందనుంచి తిరిగొచ్చి ముంజేతి మీద ధడాలున దిగింది. మోచేతి దాకా జివ్వుమంది.

"తగిలింది!" అని అరిచింది హైమ.

లైటు వెలుగుతూనే ఉంది. మెషీను ఉండగా ఈవిడెందుకు అరిచిందో అర్థంకాక రిఫరీ బిక్కమొహం వేశాడు. సుభక్క లైటు వైపు చూడలేదు.

ఆ తర్వాత ఆవిడకి ఇంకో పాయింటు రాలేదు. హైమ ఒక్క అంగుళం కూడా వదలలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే జల్లెడలోంచి అంతా మసకగా కనిపించింది గానీ చెయ్యి మాత్రం తప్పలేదు. ఆట అయిపోయింది. మాస్కులు తీసి, గ్లవ్వు లేని చేతులు కలుపుకున్నారు. ఇద్దరికీ ఒగర్పు తగ్గలేదు.

సుభక్క నేరుగా మాస్టారి దగ్గరికి వెళ్లింది. హైమకి భయమేసింది.

"మాస్టారూ, ఆఖర్న నాకు తగిలిన దెబ్బ ఎటునుంచొచ్చింది? పైనుంచి వస్తుందనుకున్నాను."

"కొట్టింది నేనా? ఆమెనడుగు," అన్నారు మాస్టారు.

సుభక్క తిరిగొచ్చి హైమ ముందు నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది. "ఏటే ఆ దెబ్బ? నాకెప్పుడూ చూపించలేదు!"

"చూపిస్తానక్కా. భీమిలి వెళ్లాక చూపిస్తాను."

"అప్పటిదాకా ఎవరాగుతారు? ఇప్పుడే చూపించు."

హైమ కత్తి ఎత్తబోయి "అబ్బా" అంది. సుభక్క ఆమె చెయ్యి పట్టుకుని జాకెట్టు చెయ్యి పైకి లాగింది. ముంజేతి మీద చిన్న రేగిపండంత మచ్చ, ఎర్రగా వాచి, మధ్యలో అప్పుడే కములుతోంది.

సుభక్క వంగి దాన్ని దగ్గరగా చూసింది.

"నొప్పిగా ఉందా?"

"ఉందక్కా."

"బాగానా?"

"గ్లాసు కూడా పట్టుకోలేను."

సుభక్క అక్కడే బెంచీ మీద కూర్చుని ఆ చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. బొటనవేలితో మచ్చ చుట్టూ మెల్లగా రాసింది. ఆవిడ ముఖం అంత సంతోషంగా ఉండటం హైమ చూసి చాలా రోజులైంది.

"రేపటికి ఇంకా నల్లబడుతుంది చూడు," అంది సుభక్క, గర్వంగా.